యూఎస్‌బీ పెడితే గుర్తుపట్టట్లేదా? డ్రైవర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో చిన్న కంప్యూటర్ రిపేర్ షాపు నాది. షట్టర్ ఎత్తి ఊదుబత్తి వెలిగించేలోపే ఎవరో ఒకరు వచ్చి "అన్నా, డ్రైవర్ పోయింది, జర ఏసియ్యరాదే" అంటారు. డ్రైవర్ ఊరికే ఎక్కడికీ పోదు, చాలాసార్లు పోయేది కేబుల్. ఆ మాట చెబితే నమ్మరు, డబ్బులు తీసుకోకుండా చెబితే అసలే నమ్మరు. అందుకే రోజూ వినే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఒకచోట రాసిపెడుతున్నా.

అసలు డ్రైవర్ అంటే ఏంటి?

మీ కంప్యూటర్‌లో వర్డ్ ఉంది, బల్ల మీద ప్రింటర్ ఉంది. వర్డ్ రాసినవాళ్లకు మీరు ఏ ప్రింటర్ కొంటారో తెలియదు, ప్రింటర్ చేసినవాళ్లకు మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలియదు. ఎనుమాముల మార్కెట్‌లో రైతుకూ ఖరీదుదారుకూ మధ్య అడ్తిదారు ఉన్నట్టు, వీళ్లిద్దరి మధ్య ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. ఒక్కో పరికరం భాష తెలిసి, సిస్టమ్ తరఫున దానితో మాట్లాడే ప్రోగ్రామే డ్రైవర్.

యూఎస్‌బీలో ఇది ఒక్క ప్రోగ్రామ్ కాదు, అంతస్తులుగా ఉంటుంది. అన్నిటికంటే కింద కంట్రోలర్ డ్రైవర్, అంటే మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ చిప్‌ను నడిపేది. ఇప్పటి మెషిన్లలో ఆ చిప్ పద్ధతిని ఎక్స్‌హెచ్‌సీఐ అంటారు, యూఎస్‌బీ 2.0 రోజుల్లో ఈహెచ్‌సీఐ ఉండేది. దాని మీద యూఎస్‌బీ కోర్: ఏ పోర్టులో ఏముంది, ఎవరికి ఏ నంబర్ ఇచ్చాం, ఎవరు పీకేశారు అన్నీ దీని లెక్కలో ఉంటాయి. పై అంతస్తులో పెన్‌డ్రైవ్‌దో కెమెరాదో అసలు డ్రైవర్. పెన్‌డ్రైవ్ డ్రైవర్‌కు కింద వైర్లలో ఏం నడుస్తుందో పట్టదు, ఫలానా చోటి నుంచి ఇంత డేటా కావాలని కోర్‌కు చీటీ రాసిచ్చి ఊరుకుంటుంది.

పెట్టగానే సౌండ్ వస్తుంది కదా, ఆలోపు లోపల ఏం జరుగుతుంది?

ఇదొక్కటి అర్థమైతే కింద రాసినదంతా మీరే ఊహించుకోవచ్చు, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

2.0 కేబుల్‌లో నాలుగు వైర్లు: రెండు కరెంటుకు, రెండు డేటాకు. డేటా వైర్లను డీ ప్లస్, డీ మైనస్ అంటారు. పరికరం లోపల 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఆ రెండిట్లో ఒకదాన్ని పైకి లాగి పెడుతుంది. డీ మైనస్‌ను లాగితే అది నెమ్మది రకం, సెకనుకు 1.5 మెగాబిట్లు, పాత మౌసులు కీబోర్డుల్లాంటివి. డీ ప్లస్‌ను లాగితే 12 మెగాబిట్ల రకం, 480 మెగాబిట్లవి కూడా మొదట ఇలాగే వచ్చి తర్వాత మాట్లాడుకుని స్పీడు పెంచుకుంటాయి. ఆ వోల్టేజీ చూసి హబ్ (పోర్టులన్నీ కలిసే చోటు) "నా ఫలానా పోర్టులో ఏదో దిగింది" అని సిస్టమ్‌కు చెబుతుంది. సిస్టమ్ ఆ పోర్టును రీసెట్ చేయిస్తుంది.

రీసెట్ అయిన పరికరానికి ఇంకా నంబర్ ఉండదు, దాన్ని 0 అనే అడ్రస్‌తోనే పిలుస్తారు. హాస్టల్‌లో కొత్తగా చేరిన పిల్లాడికి రూమ్ నంబర్ ఇచ్చేదాకా వార్డెన్ "ఓ కొత్తోడా" అన్నట్టు. ఒకేసారి ఇద్దరు కొత్తోళ్లుంటే ఎవరు పలకాలో తెలియదు కాబట్టి సిస్టమ్ ఒక్కొక్క పోర్టునే రీసెట్ చేస్తుంది. తర్వాత 1 నుంచి 127 లోపు ఒక నంబర్ ఇచ్చి, నీ వివరాలు చెప్పమని అడుగుతుంది. అప్పుడు పరికరం డిస్క్రిప్టర్ అనే చిన్న పత్రం పంపుతుంది. తయారీదారు నంబర్ (దాన్ని వీఐడీ అంటాం), మోడల్ నంబర్ (ఇది పీఐడీ), నేను ఏ రకం పరికరాన్ని, నాకు ఎంత కరెంటు కావాలి, ఎన్ని దారుల్లో డేటా పంపగలను, అన్నీ అందులోనే ఉంటాయి.

దీన్నే నేను షాపులో "పేరు చెప్పడం" అంటాను. పేరు చెప్పిన తర్వాతే డ్రైవర్ సంగతి వస్తుంది. పేరే చెప్పని పరికరానికి మీరు ఎన్ని డ్రైవర్లు వేసినా అది గోడకు చెప్పినట్టే.

ఇంకో మాట, యూఎస్‌బీలో పరికరం తనంతట తాను నోరు తెరవదు, కంప్యూటర్ అడిగితేనే పలుకుతుంది (పడుకున్న కంప్యూటర్‌ను కీబోర్డు లేపడం లాంటివి వేరే సంగతి). మీరు మౌస్ కదిపినప్పుడు మౌస్ వచ్చి చెబుతుందనుకుంటాం, నిజానికి మామూలు మౌస్‌ను సుమారు 8 మిల్లీసెకన్లకోసారి "ఏమన్నా కదిలినవా" అని కంప్యూటరే అడుగుతూ ఉంటుంది.

ఏ డ్రైవర్ కావాలో సిస్టమ్‌కు ఎలా తెలుస్తుంది?

పరికరం చెప్పిన పేరును తన దగ్గరున్న జాబితాతో పోల్చుకుంటుంది. విండోస్‌లో ఆ జాబితా ఇన్ఫ్ ఫైళ్లలో (డ్రైవర్‌తో పాటు వచ్చే వివరాల ఫైళ్లు) ఉంటుంది, లినక్స్‌లో ఒక్కో కెర్నల్ మాడ్యూల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో కలిసే డ్రైవర్ ముక్క) నాకు ఈ నంబర్లు తెలుసు అని ముందే రాసి ఇస్తుంది. ముందు వీఐడీ, పీఐడీ రెండూ కలిసే డ్రైవర్ కోసం చూస్తుంది. అది దొరక్కపోతే రకాన్ని బట్టి వెతుకుతుంది. ఆ రకాలకు నంబర్లున్నాయి: కీబోర్డు, మౌస్ 3, ప్రింటర్ 7, పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్ 8, వెబ్‌క్యామ్ 14. ఎవరు తయారుచేసినా 8 అని చెప్పుకుంటే చాలు, విండోస్‌లో ముందే ఉన్న డ్రైవర్ దాన్ని నడిపిస్తుంది. 255 అని చెబితే మాత్రం "నా పద్ధతి వేరు, నా కంపెనీ డ్రైవరే కావాలి" అని అర్థం.

మౌస్‌కు సీడీ అక్కర్లేదు, మరి వేలిముద్ర మెషిన్‌కు ఎందుకు అన్నీ ఇన్‌స్టాల్ చేయాలి?

పైదే కారణం. మౌస్‌కు అందరూ ఒప్పుకున్న రకం ఉంది, మార్కెట్‌లో దొరికే చాలా వేలిముద్ర మెషిన్లకు లేదు.

ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పరిస్థితి కూడా ఇదే. యూఎస్‌బీ మొదటి వెర్షన్ 1996లో వచ్చింది (ఇంటెల్‌లో ఆ పని నడిపినవాళ్లలో బరోడాలో చదువుకున్న అజయ్ భట్ ఒకరు). విండోస్ 98కు మాత్రం పెన్‌డ్రైవ్ పెడితే డ్రైవర్ సీడీ అడిగేది. సీడీ డ్రైవ్ లేని మెషిన్‌లో పెన్‌డ్రైవ్ డ్రైవర్‌ను ఫ్లాపీలో తీసుకెళ్లి వేసిన రోజులు నాకు గుర్తున్నాయి, ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు.

మీసేవ, సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) నడిపేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆధార్ వేలిముద్రకు రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు కావాలి. ఒకటి డ్రైవర్. రెండోది ఆర్‌డీ సర్వీస్. 2017 నుంచి రిజిస్టర్డ్ డివైజ్ పద్ధతి వచ్చాక, వేలిముద్రను తీసుకున్న చోటే డిజిటల్ సంతకం, ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా మార్చడం) చేసి పంపాలి, ఆ పని దీనిది. ఇది మీ కంప్యూటర్‌లోనే 11100 నుంచి 11120 మధ్య ఒక నెట్‌వర్క్ పోర్టు (యూఎస్‌బీ పోర్టు కాదు) తెరుచుకుని కూర్చుంటుంది, బ్రౌజర్ అక్కడికి వెళ్లి అడుగుతుంది. కాబట్టి మెషిన్‌లో లైటు వెలుగుతూ డివైజ్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా చూపేది) బాగానే కనబడుతూ, వెబ్‌సైట్ మాత్రం డివైజ్ లేదంటుంటే డ్రైవర్‌ను తిట్టకండి. ఆర్‌డీ సర్వీస్ ఆగిపోయిందా, యాంటీవైరస్ అడ్డుపడుతుందా, సర్వీస్ గడువు అయిపోయిందా, వీటిని చూడండి.

"యూఎస్‌బీ డివైజ్ నాట్ రికగ్నైజ్డ్" అని వస్తే?

డివైజ్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తు ఉన్నదాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అక్కడ హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వీఐడీ దగ్గర 0000 అని ఉందా? ఉంటే అది పేరు చెప్పలేదు. డిస్క్రిప్టర్ అడిగితే జవాబు రాలేదు, లేదా చెత్త వచ్చింది. విండోస్ దీన్ని కోడ్ 43 కింద చూపిస్తుంది, "డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని కూడా రాస్తుంది. ఇక్కడ డ్రైవర్ వెతకడం శుద్ధ దండగ. కేబుల్ మార్చండి, సీపీయూ డబ్బా ముందు పోర్టు వదిలేసి వెనక మదర్‌బోర్డు పోర్టులో పెట్టండి, హబ్ ఉంటే తీసేయండి, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా ఇదే వస్తే పరికరమే పోయింది.

వీఐడీలో ఏదో ఒక నంబర్ ఉండి కోడ్ 28 వస్తే సంతోషించండి. పేరు చెప్పింది, ఆ పేరుకు డ్రైవర్ లేదు, అంతే. ఆ వీఐడీ, పీఐడీ రెండూ కలిపి గూగుల్‌లో కొడితే ఏ చిప్పో తెలిసిపోతుంది. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది కానీ పరికరాన్ని మొదలుపెట్టలేకపోయింది, ఇది కొంచెం తలనొప్పి వ్యవహారం, డ్రైవర్ వెర్షన్ మార్చి చూడాలి.

ఒకసారి నర్సంపేట నుంచి ఒకతను బిల్లు ప్రింటర్ తెచ్చాడు. కోడ్ 43. అప్పట్లో నాకూ ఇంత తెలివి లేదు, రెండు గంటలు డ్రైవర్లు తీసి పెట్టి, చివరికి విండోస్ కూడా కొత్తగా ఎక్కించా. అతను టీ తాగొచ్చి, పక్క బల్ల మీది కేబుల్ తీసి ఊరికే పెట్టి చూశాడు. ప్రింటర్ చక్కగా వచ్చేసింది. నేను ఆ రోజు డబ్బులు అడగలేదు.

ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతుంది కానీ కంప్యూటర్‌లో కనిపించదు?

కొన్ని చవక కేబుళ్లలో కరెంటు వైర్లు రెండే ఉంటాయి, డేటా వైర్లుండవు. కంప్యూటర్‌కు ఫోన్ వచ్చినట్టే తెలియదు. కేబుల్ మంచిదైతే ఫోన్‌లో పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి ఛార్జింగ్ బదులు ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కండి.

బీటెక్ ప్రాజెక్ట్ బోర్డు పెడితే కామ్ పోర్ట్ రావట్లేదు. రేపే రివ్యూ!

ప్రతి సెమిస్టర్ చివర్లో కాజీపేట వైపు నుంచి వచ్చే గుంపు ఇది. టెన్షన్ పడకండి. ఆర్డుయినో (ప్రాజెక్టులకు వాడే చిన్న సర్క్యూట్ బోర్డు) రకం చవక బోర్డుల మీద యూఎస్‌బీని పాతకాలపు సీరియల్ కనెక్షన్‌గా మార్చే చిన్న చిప్ ఉంటుంది. ఆ సీరియల్ కనెక్షన్‌కు విండోస్ పెట్టే పేరే కామ్ పోర్ట్. వీఐడీ 1ఏ86, పీఐడీ 7523 అయితే సీహెచ్340 చిప్. 10సీ4, ఈఏ60 అయితే సీపీ2102. 0403, 6001 అయితే ఎఫ్‌టీడీఐ. ఆ చిప్ డ్రైవర్ వేసుకోండి, బోర్డు పేరుతో వెతకొద్దు.

ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం) వాడేవాళ్లకు ఒక వింత సమస్య. సీహెచ్340 బోర్డు పెడితే పోర్టు ఒక్క క్షణం వచ్చి మాయమైపోతుంది. చూపు లేనివాళ్లు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ ఉంది. కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ ఇదే చిప్, ఇదే వీఐడీ పీఐడీ. మీ బోర్డు పేరు విని ఆ ప్రోగ్రామ్ "ఇది నాదే" అని లాక్కుపోతుంది. మీకు బ్రెయిలీ అవసరం లేకపోతే దాన్ని తీసేయండి. పోర్టు ఉండి పర్మిషన్ లేదంటే మీ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో (సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్నవాళ్ల జాబితా) కలిపి, లాగౌట్ అయి మళ్లీ రండి.

నకిలీ చిప్‌ల గోల కూడా చెప్పాలి. 2014లో ఎఫ్‌టీడీఐ కంపెనీ విండోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చిన డ్రైవర్, నకిలీ చిప్ దొరికితే దాని పీఐడీని 0000గా తిరగరాసింది. తెలియక నకిలీ కొన్నవాళ్ల పరికరాలు రాత్రికి రాత్రి పనికిరాకుండా పోయాయి, పెద్ద గొడవై ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. నకిలీ చేయడం తప్పే, కానీ కొన్నవాడి వస్తువును చంపడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాంటా నిన్నటిదాకా పనిచేసింది, టేబుల్ మార్చాక బరువు రావట్లేదు. ఎందుకు?

మిర్చి, పత్తి సీజన్‌లో వచ్చే ప్రశ్న. కాంటా నుంచి వచ్చే సీరియల్ కేబుల్‌ను యూఎస్‌బీ కన్వర్టర్‌తో కంప్యూటర్‌కు కలుపుతారు. చవక కన్వర్టర్లకు సొంత సీరియల్ నంబర్ ఉండదు. అప్పుడు విండోస్‌కు రెండు ఒకేరకం కన్వర్టర్లను విడదీసి చూడటానికి ఒకటే ఆధారం, ఏ పోర్టులో పెట్టారన్నది. మీరు పోర్టు మార్చగానే అది కొత్త పరికరమనుకుని కామ్3 ఉన్నదాన్ని కామ్7 చేస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాపం కామ్3 దగ్గరే ఎదురుచూస్తూ ఉంటుంది. పాత పోర్టులోనే పెట్టండి, లేదా డివైజ్ మేనేజర్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి నంబర్ మార్చండి. ప్రింటర్ పేరు పక్కన "కాపీ 1" అని ఇంకోటి పుట్టుకురావడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. మా దగ్గర నేను పోర్టుల మీద స్కెచ్ పెన్‌తో గుర్తులు పెట్టిస్తాను, నామోషీ ఏం లేదు.

నెట్ డాంగిల్ పెడితే సీడీ డ్రైవ్‌లా కనబడుతుందేంటి?

కావాలనే. ముందు సీడీ డ్రైవ్‌లా పేరు చెప్పి, అందులోంచి తన డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయించుకుని, ఆ డ్రైవర్ సైగ చేశాక మోడెమ్‌గా మళ్లీ కొత్త పేరు చెబుతుంది. లినక్స్‌లో ఈ సైగ చేయడానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రామ్ ఉంది.

విండోస్ 7 ఎక్కిస్తుంటే కీబోర్డు, మౌస్ రెండూ పనిచేయట్లేదు. బయోస్‌లో బాగానే ఉన్నాయి!

ఇంకా విండోస్ 7 అడుగుతున్నారంటే ఏదో పాత సాఫ్ట్‌వేర్ కోసమే అనుకుంటా. విండోస్ 7 సీడీలో ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్ డ్రైవర్ లేదు. 2015లో వచ్చిన ఆరో తరం ఇంటెల్ బోర్డుల నుంచి పాత ఈహెచ్‌సీఐ తీసేశారు. బయోస్‌కు (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) తన సొంత యూఎస్‌బీ కోడ్ ఉంటుంది కాబట్టి అక్కడ కీబోర్డు నడుస్తుంది, ఇన్‌స్టాలర్ మొదలవ్వగానే కింది అంతస్తు లేక పై అంతస్తు కూలినట్టవుతుంది. కీబోర్డు డ్రైవర్ ఉన్నా లాభం లేదు. పీఎస్2 పోర్టు (పాత గుండ్రటి కీబోర్డు పోర్టు) ఉంటే పాత కీబోర్డు పెట్టి గట్టెక్కండి, లేకపోతే సీడీ ఇమేజ్‌లోకి ఆ డ్రైవర్‌ను ముందే ఎక్కించాలి.

హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. డ్రైవర్ మార్చాలా?

కాదు, కరెంటు. 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, 3.0 ఇచ్చేది 900. హబ్ ద్వారా పెడితే అది అందరికీ పంచాలి. నేరుగా పోర్టులో, పొట్టి కేబుల్‌తో పెట్టండి. అప్పటికీ కొట్టుకుంటుంటే వెంటనే తీసేయండి, డేటా ముఖ్యమైతే ఇక పెట్టకండి.

సేఫ్లీ రిమూవ్ కొట్టకపోతే ఏమైతది?

ఎక్కువసార్లు ఏం కాదు, అందుకే ఎవరూ నమ్మరు. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌లకు రాయాల్సింది దాచిపెట్టుకోకుండా వెంటనే రాసే పద్ధతే మామూలుగా పెట్టారు. లినక్స్‌లో మాత్రం కాపీ అయిపోయిందని చూపించాక కూడా డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. మేడారం జాతర ఫొటోలు, పెళ్లి వీడియోలు కాపీ చేసుకునే ఫొటోగ్రాఫర్ తమ్ముళ్లు ఏ సిస్టమ్‌లోనైనా సరే ఆ ఒక్క క్లిక్ కొట్టండి. ముహూర్తం మళ్లీ తీయలేం.

డ్రైవర్లన్నీ ఒకేసారి వేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ మంచిదేనా?

నేను వాడను. డ్రైవర్ చాలావరకు కెర్నల్‌లో నడుస్తుంది, అంటే ఇంటి తాళాలన్నీ దాని చేతిలో ఉన్నట్టే. అందుకే 64 బిట్ విండోస్ విస్టా కాలం నుంచి డిజిటల్ సంతకం లేని కెర్నల్ డ్రైవర్‌ను ఒప్పుకోదు. "ఆ చెక్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి" అని ఏదైనా వీడియో చెబితే ఆ వీడియో అక్కడే మూసేయండి. విండోస్ అప్‌డేట్, లేదంటే పరికరం లేదా చిప్ తయారుచేసిన కంపెనీ సైట్, ఈ రెండు చాలు.

లినక్స్‌లో పేరు చెప్పిందో లేదో ఎలా చూడాలి?

టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. వరుసగా వీఐడీ, పీఐడీలు వస్తాయి. పరికరం తీసి ఒకసారి, పెట్టి ఒకసారి కొట్టి, కొత్తగా ఏ లైను వచ్చిందో చూడండి. ఏ లైనూ రాలేదంటే మళ్లీ కేబుల్ దగ్గరికే.

బస్టాండ్‌లో దొరికిన పెన్‌డ్రైవ్ పెట్టి చూడొచ్చా?

వద్దు. పరికరం చెప్పిన పేరును సిస్టమ్ నమ్ముతుంది అన్నా కదా, ఆ నమ్మకమే ఇక్కడ కొంప ముంచుతుంది. చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉన్నది "నేను కీబోర్డును" అని చెబితే, సిస్టమ్ మారుమాట లేకుండా కీబోర్డు డ్రైవర్ ఇచ్చేస్తుంది. ఇక అది మీ చేతులతో మీరే టైప్ చేసినట్టు ఆదేశాలు కొట్టుకుంటూ పోతుంది. యాంటీవైరస్ స్కాన్ చేయడానికి అక్కడ ఫైలే ఉండదు. బ్యాడ్‌యూఎస్‌బీ పేరుతో 2014లో కొందరు పరిశోధకులు మామూలు పెన్‌డ్రైవ్ లోపలి ప్రోగ్రామ్‌ను మార్చి దీన్ని చేసి చూపించారు.

షాపుకు తెచ్చేటప్పుడు ఏం తీసుకురావాలి?

పరికరం, మీరు రోజూ వాడే ఆ కేబుల్, కుదిరితే హార్డ్‌వేర్ ఐడీస్ కనిపించేలా స్క్రీన్ ఫొటో. కేబుల్ మాత్రం మర్చిపోవద్దు. భూపాలపల్లి నుంచి రెండు బస్సులు మారి ప్రింటర్ మోసుకొచ్చి, "కేబుల్ మంచిగనే ఉందన్నా, ఇంట్ల పెట్టొచ్చిన" అంటే, నా కేబుల్‌తో అది చక్కగా ప్రింట్ తీస్తుంటే, మీ మొహం నేను చూడలేను, నా మొహం మీరు చూడలేరు.